పైపొడి చరిత్ర, ఉపయోగాలు

మా అత్తగారింట్లో దాన్ని పైపొడి అనేవారు. బన్ను మీద వెన్న రాసి, ఆ పైన చల్లేది కాబట్టి పైపొడి. దాల్చినచెక్క, పంచదార, కాస్త జాజికాయ, అంతకంటే కాస్త ఎక్కువ శొంఠి, రెండు లవంగాలు, చిటికెడు ఉప్పు. ఇంతేనా అని ఎవరికైనా అనిపిస్తుంది. పెళ్లయి వచ్చిన కొత్తలో నాకూ అనిపించింది. ఆ మాట పైకి అన్నాను కూడా. అన్నందుకు చెక్క గరిటెతో వేళ్ల మీద దెబ్బ పడింది.

కొట్టింది ముక్కత్త. మా మామగారికి అక్క, నా భర్తకూ బావగారికీ మేనత్త. ముక్కు పెద్దదని కాదు ఆ పేరు. బస్తా మూతి విప్పకముందే వాసన పట్టి, లోపలి దాల్చినచెక్క ఎలాంటిదో చెప్పేది. ముక్కత్త అని ఎదురుగా పిలిచినా ఏమీ అనుకునేది కాదు. బిరుదులా తీసుకునేది.

మాది బేకరీ. ముందు గదిలో అంగడి, వెనక బట్టీ, బట్టీ పక్కన పొడి గది. చుట్టుపక్కల ఇంకో మూడు బేకరీలుండేవి. వాళ్ల రొట్టె మాకంటే మెత్తగా ఉండేది కూడా. జనం మా దగ్గరికి వచ్చేది పైపొడి కోసమే. ఆ పొడికి కొలతలంటూ లేవు. దాల్చినచెక్క బస్తా బస్తాకీ మారుతుంది. ఒకటి ఘాటుగా వస్తుంది, ఒకటి చప్పగా వస్తుంది. ఒకే కొలత పట్టుకుని కూర్చుంటే ఒకరోజు చేదు, ఒకరోజు ఉత్త పంచదార. అందుకని ముక్కత్త పెద్ద గిన్నె మీదకు వంగి, కళ్లు మూసుకుని, గట్టిగా గాలి పీల్చి, "ఇంకో గుప్పెడు" అంటే ఇంకో గుప్పెడు వేసేవాళ్లం. "చాలు" అంటే చాలు. ఆ ఇంట్లో ఆవిడ స్థానమంతా ఆ ఒక్క మాటలో ఉండేది.

నా పని దంచడం, జల్లించడం. పల్చటి గుడ్డ బిగించిన జల్లెడలో చెక్కపొడి జల్లిస్తుంటే కళ్లు, ముక్కు, గొంతు మండిపోయేవి. నా భర్త బట్టీ దగ్గర నిలబడి వచ్చినవాళ్లందరితో, "మా ఆవిడ రోజూ ఏడుస్తుందండీ. నా తప్పేం లేదు, అంతా దాల్చినచెక్క" అని నవ్వించేవాడు. ముక్కత్త నవ్వేది కాదు. నన్ను పొట్టుబుర్ర అని పిలిచేది. గరిటె ఎప్పుడూ చేతిలోనే ఉండేది. "డబ్బాలో తడి చెంచా పెట్టావంటే చెయ్యి విరిచి బట్టీలో పెడతాను" అనేది. నా మొదటి కడుపు పోయినప్పుడు నాలుగో రోజునే జల్లెడ తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"కూర్చుంటే ఏడుపొస్తుంది, జల్లిస్తే తుమ్మొస్తుంది. తుమ్మే నయం, కానియ్" అంది.

ఆ మాట నేను చాలా ఏళ్లు మరిచిపోలేదు. మరిచిపోకూడదని గట్టిగా పట్టుకున్నాను కూడా.

పొడి ఎలా పుట్టిందో ముక్కత్త నోట వందసార్లు విన్నాను. ఆవిడ భర్త తలుపులు చేసే వడ్రంగి. ఊపిరితిత్తుల జబ్బు చేసింది. డాక్టరు ఇచ్చిన మందు ఎంత చేదంటే, చెంచా చూస్తేనే ఆయన మొహం గోడకు తిప్పేవాడట. ఈవిడ దాల్చినచెక్క, పంచదార నూరి ముందు నాలుక మీద రాసి, తర్వాత మందు పోసేది. వారానికొక రకంగా కలిపి చూసింది. శొంఠి వేస్తే దగ్గు కాస్త ఆగింది. ఉప్పు వేస్తే చేదు విరిగింది.

"ఆయన పోయాడు, పొడి మిగిలింది. ఆ డబ్బా ఒక్కటీ చంకనబెట్టుకుని తమ్ముడి గుమ్మం ఎక్కాను" అనేది.

అప్పుడే మా మామగారు కొత్తగా బట్టీ కట్టించారు. వేడి పట్టు తెలియక మొదటి వారంలోనే బట్టీలో పెట్టే రేకులు మూడింటి నిండా బన్నులు మాడ్చారు. తల పట్టుకుని కూర్చుంటే, ఈవిడ మాడిన పైపొర గీకి, వెన్న రాసి, తన డబ్బాలో పొడి చల్లి అంగట్లో పెట్టింది. మర్నాడు జనం అవే కావాలని వచ్చారు. అప్పటి నుంచి మా బన్నులను కావాలనే ఒక్క నిమిషం ఎక్కువ కాలుస్తాం. ఆ కొంచెం మాడు లేకపోతే పొడి రుచి నిలబడదు.

మా అత్తగారు చెప్పే కథ వేరు. బావగారు చిన్నప్పుడు పాలు తాగనని మారాం చేస్తుంటే, తనే దాల్చినచెక్క, పంచదార కలిపి పాల మీద చల్లిందట. అలా పుట్టిందట పొడి. మామగారు బతికున్నంత కాలం ఈ కథ వంటింటి గడప దాటలేదు. ఆయన పోయిన నెలకు అంగట్లోకి వచ్చింది. ఏడాదికి బావగారికి పాలు తాగినట్టు జ్ఞాపకం కూడా వచ్చేసింది.

ఆ ఏడాదే వానల్లో ముక్కత్తకు జ్వరం వచ్చింది. పది రోజులకు తగ్గింది. లేచి వచ్చి కొత్త బస్తా ముందు నిలబడి, "మంచి చెక్క, ఎప్పటిలాగే పోయండి" అంది. గిన్నె మీదకు వంగి, కళ్లు మూసుకుని, "ఇంకో రెండు గుప్పిళ్లు" అంది. నాకు పక్కన నిలబడితేనే గొంతులో గుచ్చుకుంటోంది. ఆ బస్తా నిండా మొద్దు చెక్క, వట్టి ఘాటు. నేను రెండు గుప్పిళ్లూ వేసినట్టే వేసి, చెయ్యి దులిపి, అంతా నా కొంగులో పోసుకున్నాను. ఆవిడ కళ్లు తెరిచి నా కొంగు చూసింది. నా మొహం చూసింది.

గదిలో ఎవరూ లేనప్పుడు నా మణికట్టు పట్టుకుంది.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదత్తయ్యా."

"ఏమీ తెలియడం లేదే. పాలు మాడినా తెలియదు, గుడ్డ కాలినా తెలియదు. గోడకు మొహం పెట్టినట్టుంది. వాళ్లకు తెలిస్తే రెండు పూటలా కంచం పెడతారు, మనిషిలా మాత్రం చూడరు" అంది.

పద్ధతి ఆవిడే కనిపెట్టింది. కలిపేటప్పుడు నేను పక్కన నిలబడాలి. బల్ల కింద నా కాలు ఆవిడ కాలి మీద ఒకసారి నొక్కితే చాలని, రెండుసార్లు నొక్కితే ఇంకో గుప్పెడని. ముక్కు నాది, మాట ఆవిడది. ఏడాదిన్నర అలా జరిగింది. కాలు నొక్కించుకుంటూ కూడా గరిటెతో కొట్టడం మానలేదు. మానితే అందరికీ అనుమానం వస్తుందని మాత్రం చెప్పేది.

అలాంటి రోజుల్లో బావగారికి పైపొడిని విడిగా డబ్బాల్లో అమ్మాలని బుద్ధి పుట్టింది. డబ్బా లోపల ఒక కాగితం ఉండాలి, దాని మీద పొడి చరిత్ర, ఉపయోగాలు రాసి ఉండాలి. అచ్చాపీసాయన కళ్లజోడు, పెన్సిలు తీసుకుని ఒక మధ్యాహ్నం మా అంగట్లోకొచ్చి కూర్చున్నాడు. వచ్చీ రాగానే రెండు బన్నులు తిన్నాడు.

"ముందు ఉపయోగాలు చెప్పండి. చరిత్ర ఎవరూ చదవరు, ఉపయోగాలు చదువుతారు" అన్నాడు.

ఉపయోగాలన్నీ ముక్కత్తే చెప్పింది. వెచ్చటి బన్ను మీద. వేడి పాల మీద, కాఫీ నురగ మీద. సగానికి కోసి కాల్చిన ఆపిల్ మీద. నిన్నటి రొట్టె వెన్నలో వేయించి దాని మీద. నోరు చెడినవాళ్లకు పల్చటి జావ మీద. పిల్లలకు చేదు మందు పోసే ముందు నాలుక మీద. కేకు పిండిలో సగం పోశాక మధ్యలో ఒక వరస. ఆయన రాయలేక చెయ్యి విదిలించుకున్నాడు.

"అబ్బ, ఇది పొడా, సర్వరోగ నివారిణా? సరే, కనిపెట్టిందెవరు?"

"నేనే" అంది ముక్కత్త.

"మా అమ్మ" అన్నారు బావగారు అదే నిమిషంలో.

అచ్చాపీసాయన పెన్సిలు గాల్లో ఆపి ఇద్దరినీ చూశాడు. "ఒకళ్లనే రాయాలండీ, చోటు లేదు."

"మా అమ్మనే రాయండి. ఇంటి ఇల్లాలు, కొడుకు పాలు తాగడం లేదని... జనానికి అలాంటిదే నచ్చుతుంది. మొగుడి జబ్బు, చేదు మందు, చావు, ఇవన్నీ తినే వస్తువు మీద ఎవరైనా రాస్తారా?" అన్నారు బావగారు.

మా అత్తగారు బన్నులు సర్దుతూ తల ఎత్తకుండా, "మీరే చెప్పండి వదినా, అందులో ఏమైనా అబద్ధముందా? వీడు పాలు తాగలేదా?" అంది.

"తాగాడే మరదలా. నేను చేసిన పొడి వేసుకుని తాగాడు. వాడు పుట్టేసరికే నా డబ్బా సగం ఖాళీ" అంది ముక్కత్త. తర్వాత బావగారి వైపు తిరిగింది. "ఒక్క వరుస రాయించరా. ఈ పొడి చేసింది ఈ ఇంటి ఆడపడుచు అని. పేరు కూడా వద్దు. ఆ ఒక్క వరుస లేకపోతే రేపటి నుంచి గిన్నె ముట్టను. మీ అమ్మతో కలిపించుకో."

అని లేచి లోపలికి వెళ్లిపోయింది. బావగారి మొహం పాలిపోయింది. రెండు వందల డబ్బాలకు అప్పటికే మాట ఇచ్చేశారు.

ఆ సాయంత్రం మా అత్తగారు నన్ను అంగట్లోకి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆ బల్ల మీద నన్ను కూర్చోమనడం అదే మొదలు.

"ఆవిడ నిజంగానే మానేస్తే నువ్వు కలపగలవా అమ్మాయ్?"

కలపలేనని చెప్పి ఉండొచ్చు. చూద్దామని చెప్పి ఉండొచ్చు. నాలోంచి గర్వం ఎగదన్నుకుని వచ్చింది.

"ఏడాదిన్నర నుంచి కలుపుతున్నది నేనే అత్తగారూ" అన్నాను.

అంతా చెప్పేశాను. జ్వరం, బస్తా, కాలు. ఆవిడ వింటూ వింటూ మెల్లగా నవ్వింది. "రేపటి నుంచి జల్లెడకి వేరే మనిషిని పెడదాంలే. నీ కళ్లు పాడైపోతున్నాయి" అంది.

మర్నాడు పొద్దున బట్టీ ఖాళీ అయ్యాక బావగారు పొడి గదిలో బల్ల మీద మూడు గిన్నెలు పెట్టారు. నా భర్త, మా అత్తగారు, పిండి కలిపే ఇద్దరు మనుషులు, అందరూ వచ్చి నిలబడ్డారు. ముక్కత్తను పిలిచారు.

"అత్తా, నీ వరుస రాయిస్తాను. ఒక్క పని చెయ్యి. మూడు రకాల చెక్క తెప్పించాను, డబ్బాల్లోకి ఏది బాగుంటుందో చెప్పు. ముట్టుకోవద్దు, నోట్లో వేసుకోవద్దు. వాసన చూస్తే చాలదూ నీకు?"

ఆవిడకు ప్రాణం లేచొచ్చినట్టయింది. కొంగు బిగించుకుంది. చుట్టూ చూసి, "ఏమే పొట్టుబుర్రా, అక్కడేం చేస్తున్నావ్? ఇలా వచ్చి నిలబడు" అంది.

వెళ్లి పక్కన నిలబడ్డాను. బల్ల కింద ఆవిడ కాలు నా కాలికి ఆనుకుంది.

మొదటి గిన్నెలో మామూలు చెక్కపొడి. రెండో దానిలో లవంగం ఎక్కువ. మూడోది రంపపు పొట్టు. బావగారు రాత్రే పెనం మీద ఎర్రగా వేయించి, మెత్తగా జల్లించి ఉంచారు. కంటికి తేడా లేదు. దానికి వాసనంటూ ఏదైనా ఉంటే అది కొత్త తలుపు వాసన.

ఆవిడ మొదటి గిన్నె మీదకు వంగింది. కళ్లు మూసుకుంది. గాలి పీల్చింది. నా కాలు కోసం ఆగింది. నేను కదల్లేదు. రెండో గిన్నె మీద ఇంకాస్త సేపు ఆగింది. ఆవిడ పాదం నా పాదాన్ని వెతుక్కుంటూ వచ్చి తట్టింది, ఒకసారి, రెండుసార్లు. నేను నా కాలు వెనక్కి తీసుకున్నాను.

ఎందుకు తీశానో ఎన్నో రకాలుగా చెప్పుకోగలను. కళ్లు మండాయని, వేళ్లు వాచాయని, నాలుగో రోజే జల్లెడ పెట్టిందని. అవన్నీ నిజమే. కానీ ఆ నిమిషంలో ఇవేవీ గుర్తు లేవు. ఆవిడ ఏమంటుందో చూడాలనిపించింది, అంతే.

మూడో గిన్నె మీద ముక్కత్త చాలాసేపు వంగి ఉంది. మెడ మీద చెమట పట్టింది. చివరికి లేచి, గొంతు సవరించుకుని, "ఇదీ చెక్కంటే. నూనె పట్టున్న చెక్క. పాత రోజుల్లో ఇలాంటిదే వచ్చేది. ఇదే పొయ్యండి" అంది.

పిండి కలిపే మనిషి ఒకడు ఫక్కున నవ్వాడు. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. నా భర్త నవ్వాపుకోలేక వెళ్లి గుమ్మానికి ఆనుకున్నాడు. మా అత్తగారు గుప్పెడు పొట్టు తీసి ముక్కత్త అరచేతిలో పోసి, "ఈ చెక్క మీ ఆయన తలుపులు చేసిందే వదినా. బాగా గుర్తుపట్టారు" అంది.

ముక్కత్త చేతిలో పొట్టు వేళ్లతో నలిపి చూసింది. ఎవరి వైపూ చూడలేదు. పొట్టంతా జాగ్రత్తగా మళ్లీ గిన్నెలో పోసి, చెయ్యి కొంగుకు తుడుచుకుని వెళ్లి తన మంచం మీద పడుకుంది.

కాగితాలు వారానికి వచ్చాయి. అందులో మా అత్తగారు, ఆవిడ కొడుకు, పాలు. మొదటి యాభై డబ్బాలకు నేనే కలిపాను. వాసన అచ్చం ముక్కత్త చేసినట్టే ఉందన్నారు అందరూ. పన్నెండో రోజుకల్లా డబ్బాలన్నీ తిరిగొచ్చాయి. పొడంతా రాయిలా గడ్డకట్టింది. బన్నుల మీద ఏ రోజుకారోజు చల్లేదానికి, నెల్లాళ్లు డబ్బాలో ఉండేదానికి తేడా ఉంటుందని నాకు తెలియదు. పంచదార ఎంత వేడి చేయాలో, ఎప్పుడు దింపాలో, దింపాక ఎన్నాళ్లు మూత తీసి ఉంచాలో ఏమీ తెలియదు. బస్తా కొనడం అసలే రాదు. నాకున్నది ముక్కు. ఆవిడకు ముక్కు కాక ఇంకా చాలా ఉన్నాయి.

బావగారు ఆవిడ మంచం దగ్గరికి వెళ్లారు. నేను పాలు తీసుకుని వెనకే వెళ్లాను.

"పిల్లకి కాస్త నేర్పు అత్తా."

"నా వరుస రాయించావా?"

బావగారు ఒక్క క్షణం కూడా తడబడలేదు. "రాయించకుండా ఎలా ఉంటాను? నువ్వే అలిగి చూడలేదు" అని జేబులోంచి కాగితం తీశారు. గొంతు సవరించుకుని చదివారు. "ఈ పొడిని మొట్టమొదట చేసినది ఈ ఇంటి ఆడపడుచు. భర్త చేదు మందు మింగలేకపోతే ఆమె తన చేత్తో నూరి..." చక్కగా, ఎక్కడా ఆగకుండా చదివారు. బావగారు అంత బాగా చదవగలరని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఎక్కడుంది? వేలు పెట్టి చూపించు" అంది ముక్కత్త.

బావగారు ఆవిడ చూపుడువేలు పట్టుకుని కింద నుంచి రెండో వరుస మీద పెట్టారు. పెడుతూ నా వైపు చూసి కన్ను గీటారు. నాకు చదువు రాదు, కన్నుగీటు తెలుస్తుంది. పాల గ్లాసు అక్కడ పెట్టి వచ్చేశాను.

తర్వాతి నెలంతా ముక్కత్త నాకు నేర్పింది. ఒక్కసారి కూడా కొట్టలేదు. మంచి చెక్క విరిస్తే చప్పుడు పల్చగా వస్తుందని చెవి దగ్గర పెట్టి విరిచి చూపించింది. మొద్దు చెక్క చప్పుడు మూగగా ఉంటుంది. రొట్టెలు తీశాక బట్టీలో మిగిలే వేడికి చెక్క ఆరబెట్టాలి, మంట మీద కాదు. పంచదార సగం పలుకుగా, సగం మెత్తగా ఉండాలి. మెత్తనిది అంటుకుంటుంది, పలుకు పంటికి తగులుతుంది. పంచదారను విడిగా పెనం మీద వేడి చేసి, చెయ్యి పెడితే మూడు లెక్కపెట్టేలోపు తీసేయాలనిపించే వేడిలో దింపి, అప్పుడే చెక్కపొడి కలపాలి. మూడు రోజులు పల్చటి గుడ్డ కప్పి ఉంచాకే మూత. జాజికాయ చివర్లో. దాచుకోకుండా అంతా చెప్పింది. చెప్పిందే మళ్లీ చెప్పించుకుంది. ఆ వరుసకు బదులు తన దగ్గరున్నదంతా ఇచ్చేసింది.

డబ్బాలు నిలబడ్డాయి. అమ్ముడుపోయాయి.

ముక్కత్త కాగితాన్ని మడిచి జాకెట్లో పెట్టుకు తిరిగేది. అంగట్లోకి ఎవరొచ్చినా తీసి, ఆ వరుస మీద వేలు పెట్టి, "చూశావా, నా గురించే" అనేది. వచ్చినవాళ్లు పెద్దావిడని తల ఊపి వెళ్లేవారు. ఒకరోజు బడి వదిలాక రోజూ బన్నులు కొనుక్కెళ్లే పంతులమ్మ వచ్చింది. ఆవిడ తల ఊపి వెళ్లే రకం కాదు. కాగితం చేతిలోకి తీసుకుని, ముక్కత్త వేలు ఉన్నచోట పైకి చదివింది.

"డబ్బాలో తడి చెంచా పెట్టకూడదు."

ముక్కత్త నవ్వుతూనే ఉంది. "అది కాదమ్మా, ఆ కిందేమో చూడు."

పంతులమ్మ కాగితం మొదటి నుంచి చివరిదాకా చూసింది. తిప్పి వెనక కూడా చూసింది. "మీ మరదలు గారి గురించైతే పైన ఉందండీ, పాలు, అబ్బాయి... మీ గురించి..." అని ఆగిపోయింది.

"ఆవిడకి మతిమరుపు లెండి. మీకు ఆరా, ఎనిమిదా?" అంది మా అత్తగారు బన్నులు కాగితంలో చుడుతూ.

"అవునమ్మా, కళ్లు సరిగా కనబడటం లేదు" అంది ముక్కత్త. కాగితం తీసుకుని, ఉన్న మడతల మీదే మడిచి జాకెట్లో పెట్టుకుంది.

తడి చెంచా మాట ఆ కాగితంలోకి ఎలా వచ్చిందో తర్వాత ఆలోచించాను. ఉపయోగాలు చెప్పేటప్పుడు ముక్కత్తే అనుంటుంది, అచ్చాపీసాయన చెయ్యి విరిచే మాట వదిలేసి మిగతాది రాసుంటాడు.

ఇంట్లో పెద్ద గొడవ అవుతుందని చూశాం. ఏమీ కాలేదు. సాయంత్రం ఆవిడ పొడి గదిలోకి వచ్చి నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"నీకు తెలుసా?"

"నాకు చదువు రాదుగా అత్తయ్యా."

"నిన్ను చదువు గురించి అడగలేదు" అంది.

నేను జాజికాయ గీరుతూ ఉండిపోయాను. ఆవిడ కాసేపు చూసి లేచి వెళ్లిపోయింది. ఇక ఆవిడ చేతిలో బెదిరించడానికి ఏమీ లేదు. నేర్పింది వెనక్కి తీసుకునే దారి లేదు.

ఆ తర్వాత కూడా ఆవిడ కాగితం చూపించడం మానలేదు. కాకపోతే మనుషులను ఎంచుకునేది. కట్టెలు తెచ్చేవాడు, పిండి బస్తాలు మోసేవాళ్లు, పాలు పోసే ముసలావిడ. ముందు డబ్బా చేతికిచ్చి, "దీని మీదేం రాసుందో చెప్పు" అనేది. "నాకేం తెలుసమ్మా" అన్నారంటే పక్కన కూర్చోబెట్టుకుని కాగితం విప్పేది. వేలు ఒక్కో వరుస మీదా జరుపుతూ మొత్తం చదివేది. వడ్రంగి, మందు, నాలుక, డబ్బా, మాడిన మూడు రేకులు. రోజుకో కొత్త సంగతి వచ్చి చేరేది. ఒకరోజు మామగారు ఆవిడ కాళ్ల మీద పడ్డారు. ఇంకోరోజు ఊరంతా బన్నుల కోసం వరుస కట్టింది. కట్టెలవాడు నోరు తెరుచుకుని వినేవాడు. బావగారు పిండి తొట్టి దగ్గర నుంచి, "అత్తా, ఇవాళ ఎన్నో పేజీ?" అని అరిచేవారు. అందరం నవ్వేవాళ్లం. నేనూ నవ్వేదాన్ని. ఆవిడ చదువు ఆపేది కాదు.

చివరి ఏడాది ఆవిడ మంచం దిగలేదు. మంచం బట్టీ వెనక గోడకు ఆనుకుని ఉండేది, గోడ ఎప్పుడూ వెచ్చగా ఉంటుందని. ఒక మధ్యాహ్నం పాలు తీసుకెళ్తే, పైన పొడి చల్లిన గ్లాసు అందుకుని పక్కన పెట్టేసింది.

"కూర్చో. నీకూ చదువు రాదు కదూ" అంది.

"రాదు."

"అయితే విను."

జాకెట్లోంచి కాగితం తీసింది. మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలుగా వేలాడుతోంది. దుప్పటి మీద పరిచి, ముక్కలు ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా జరిపి, మొదటి వరుస మీద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. ఎక్కడా తడబడలేదు. అంతా బావగారు చదివిన మాటలే, అదే గొంతు, అవే విరుపులు. ఒక్కసారి విని అంతా పట్టేసింది. వేలు కింద నుంచి రెండో వరుస దగ్గరికొచ్చి ఆగింది.

"ఇదీ నా వరుస" అంది.

"బాగుంది అత్తయ్యా" అన్నాను.

వేలు ఇంకో వరుస కిందకు, చిట్టచివరికి జరిగింది. "ఇక్కడ నీ గురించి రాసుంది."

నేను ఆవిడ మొహం చూశాను. ఎగతాళి లేదు, కోపం లేదు. గిన్నె మీద వంగి "చాలు" అన్నప్పుడు ఎలా ఉండేదో అలా ఉంది.

"ఏమని?" అన్నాను. అడగకుండా ఉండలేకపోయాను.

"నీకు చదువొచ్చినప్పుడు చదువుకో" అంది. ముక్కలన్నీ కలిపి మడిచి నా చేతిలో పెట్టి, గోడ వైపు తిరిగి పడుకుంది. నాలుగు రోజులకు పోయింది.

నా భర్త పోయాక, యాభై మూడేళ్ల వయసులో, వీధి చివర ఆడవాళ్లకు చదువు చెప్పే చోటికి వెళ్లి అక్షరాలు నేర్చుకున్నాను. ఎందుకు నేర్చుకుంటున్నావని అక్కడి అమ్మాయి అడిగితే, బస్సుల మీద పేర్లు చదవడానికని చెప్పాను. గుణింతాలు కుదిరాక ఒకరోజు తలుపేసుకుని ఆ నాలుగు ముక్కలూ చాప మీద పరిచాను. చిట్టచివరి వరుసలో అచ్చాపీసు పేరు, వీధి పేరు ఉన్నాయి. ఒత్తులు తప్పు చదివానేమోనని వేలు పెట్టి మళ్లీ మొదటి నుంచి చదివాను.